మన దేశపు యూఎఫ్‌ఓలకి నా మార్కులు | లడఖ్, వికారాబాద్, ఇంఫాల్

అందరికీ నమస్తే. యూఎఫ్‌ఓ, అంటే ఆకాశంలో కనపడే ఏంటో తెలియని వస్తువు, అనగానే అందరూ అమెరికా ఎడారులే చూపిస్తారు, ఈరోజు మాత్రం అచ్చంగా మన దేశంలోవే మూడు కేసులు తీసుకున్నా, ఒక్కోదానికి పదికి మార్కులేస్తా, మీ మార్కులు వేరైతే కింద చెప్పండి.

ముందు లడఖ్. నాకు అన్నిట్లో ఇదే ఇష్టం, అందుకే టైమ్ కూడా దీనికే ఎక్కువ. 2012 ఆగస్టు నుంచి చైనా బోర్డర్లో పాంగాంగ్ సరస్సు దగ్గర డ్యూటీలో ఉన్న మన సైనికులకి ఆకాశంలో పసుపు రంగు వెలుగు ముద్దలు కనపడ్డం మొదలైంది. చైనా వైపు నుంచి పైకి లేవడం, మూడు నుంచి ఐదు గంటలు నింపాదిగా సాగడం, తర్వాత మాయం. చైనావాడి డ్రోన్లే అనుకున్నారు, ఆ బోర్డర్లో నిలబడితే ఎవరికైనా ముందు అదే అనిపిస్తుంది కదా. రాడార్‌కేమో ఏదీ దొరకలేదు. 2013 ఫిబ్రవరి దాకా రాసి పెట్టుకున్నవి 329, అందులో 155 సార్లు మన వైపుకి దూరాయని లెక్క.

చివరికి ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆస్ట్రోఫిజిక్స్ అనే ఖగోళ పరిశోధన సంస్థ వాళ్ళని పిలిస్తే, వాళ్ళు నక్షత్రాలతో పోల్చి చూసి తేల్చిందేంటంటే ఒకటి గురుగ్రహం, ఇంకోటి శుక్రుడు. అదే, మన వేగుచుక్క!

నవ్వేస్తారని తెలుసు, నేనూ నవ్వా, కానీ ఒక్కసారి ఆలోచించండి. అక్కడ చైనా ఉన్నది తూర్పున, గ్రహాలు లేచేదీ తూర్పునే, అంటే లేచిన ప్రతిదీ చైనా నుంచి వచ్చినట్టే ఉంటుంది, పైకొచ్చేకొద్దీ మన వైపు దూరినట్టే ఉంటుంది. పైగా నాలుగు వేల మీటర్ల పైన గాలి పల్చన, దుమ్ము ఉండదు, గ్రహాలు ఇక్కడ మనకి కనపడేదానికంటే బాగా వెలుగుతాయి. చీకట్లో ఒకే చుక్కని అలా చూస్తూ ఉంటే అది కదలకపోయినా కదిలినట్టు అనిపిస్తుంది, అది మన కళ్ళ లక్షణం. ఏదీ వదలకుండా రాశారు కాబట్టే తేలింది. తొమ్మిది మార్కులు.

రెండోది మన వికారాబాద్. 2022 డిసెంబర్ 7న మర్పల్లి మండలంలో పొలాల్లో పెద్ద క్యాప్సూల్ లాంటిది దిగింది, ఊళ్ళు ఊళ్ళు కదిలొచ్చాయి, ఫోన్లన్నీ అదే వీడియో. హైదరాబాద్‌లో టీఐఎఫ్‌ఆర్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్) వాళ్ళకి బెలూన్ సెంటర్ ఉంది, అక్కణ్ణుంచి హాలో స్పేస్ అనే స్పెయిన్ కంపెనీ టెస్ట్ కోసం బెలూన్‌తో ఎగరేసిందే ఇది. అంతే, సస్పెన్స్ అదే రోజు ఖతం. కాకపోతే ఎగిరే వస్తువు చేతికందేంత దగ్గరకొచ్చిన కేసు మూడింట్లో ఇదొక్కటే, అందుకని ఆరు.

ఇక ఇంఫాల్, 2023 నవంబర్ 19. పట్టపగలు ఎయిర్‌పోర్ట్ పైన తెల్లటి వస్తువేదో కనపడిందని ఫ్లైట్లు ఆపేశారు, కొన్నిటిని దారి మళ్ళించారు, ఎయిర్‌ఫోర్స్ రఫేల్ యుద్ధవిమానాల్ని పంపింది, వెళ్ళి వెతికితే ఏమీ లేదు. ఇంఫాల్ ఉన్న మణిపూర్‌లో అప్పట్లో గొడవలు జరుగుతున్నాయి కాబట్టి డ్రోన్ అన్న అనుమానం రావడం సహజమే, నాకూ గ్రహాంతరవాసుల కంటే అదే నమ్మబుద్ధవుతుంది. నాలుగు మార్కులు, రఫేల్స్ వచ్చాయని అందులో ఒకటి ఎక్స్‌ట్రా.