ఎనిమిదో తరగతి ఆల్జీబ్రా దగ్గరే తేలిపోతుంది: అమెరికాలో లాటినో పిల్లలు, ఇంజినీరింగ్ దారి

[తెర మీద: లాస్ ఏంజెలెస్ మ్యాపు. నగరం మధ్య నుంచి తూర్పుకి జరిగి ఈస్ట్ లాస్ ఏంజెలెస్ దగ్గర ఆగుతుంది.]

నమస్తే అండీ. ఈస్ట్ లాస్ ఏంజెలెస్‌లో గార్‌ఫీల్డ్ హైస్కూల్ అని ఒక ప్రభుత్వ బడి ఉంది. పిల్లల్లో దాదాపు అందరూ మెక్సికన్ మూలాలున్న కష్టజీవుల ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళే. ఇలా మెక్సికో, ఇతర లాటిన్ అమెరికా దేశాల మూలాలున్నవాళ్ళనే అమెరికాలో లాటినోలు, హిస్పానిక్‌లు అంటారు. 1982లో ఆ బడి నుంచి 18 మంది ఏపీ కాలిక్యులస్ పరీక్ష రాశారు. మన ఏపీ కాదండోయ్, అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్. హైస్కూల్లో ఉండగానే కాలేజీ స్థాయి పాఠం చదివి రాసే పరీక్ష. 18 మందీ పాసయ్యారు.

ఆ సంతోషం నాలుగు రోజులు కూడా ఉండనివ్వలేదు. పరీక్ష నడిపే ఈటీఎస్ సంస్థ, వీళ్ళలో 14 మంది పేపర్ల మీద అనుమానం పడింది. తప్పులు కూడా ఒకేలా చేశారు, ఇది కాపీయే అన్నట్టు మాట్లాడింది. 12 మంది మళ్ళీ పరీక్షకు కూర్చున్నారు. 12 మందీ మళ్ళీ పాసయ్యారు.

[తెర మీద: పాత తరగతి గది, సుద్దముక్క రాతలతో నల్లబల్ల.]

వీళ్ళకు లెక్కలు చెప్పిన మాస్టారు హైమే ఎస్కలాంటే. 1930లో బొలీవియాలోని లా పాజ్‌లో పుట్టారు. అక్కడ ఫిజిక్సు, లెక్కలు చెప్పేవారు. 1960ల్లో అమెరికా వచ్చేసరికి ఆ డిగ్రీ ఇక్కడ పనికిరాలేదు. పాసడీనాలో ఒక కాఫీ షాపులో నేల తుడిచారు. ఇంగ్లీషు నేర్చుకుని, ఉద్యోగం చేస్తూనే మళ్ళీ చదివి, 1974లో గార్‌ఫీల్డ్‌లో చేరారు.

ఈ కథను 1988లో హాలీవుడ్ వాళ్ళు సినిమా తీశారు. బాగుంటుంది, కానీ అది చూస్తే గొప్ప మాస్టారు ఒకాయన వచ్చి నాలుగు గట్టి మాటలు చెప్పగానే పిల్లలు భిన్నాల నుంచి కాలిక్యులస్‌కి ఎగిరిపోయారనిపిస్తుంది. నాకు ఆ సినిమాతో పేచీ అక్కడే. ఆయన మొదటి కాలిక్యులస్ బ్యాచ్‌లో 14 మంది చేరితే చివరిదాకా నిలబడింది ఐదుగురు. పాసైంది ఇద్దరు. ఇద్దరి నుంచి 18కి రావడానికి ఏళ్ళు పట్టింది. ఆ ఏళ్ళలో ఏం చేశారన్నదే అసలు సంగతి.

[తెర మీద: ఐదు మెట్లు. ఆల్జీబ్రా 1, జామెట్రీ, ఆల్జీబ్రా 2, ప్రీకాలిక్యులస్, కాలిక్యులస్. పక్కన తరగతులు: 8, 9, 10, 11, 12.]

ఈ బొమ్మ కాస్త నిదానంగా చూడండి. అమెరికా బళ్ళలో లెక్కలు మనలా అందరికీ ఒకే సిలబస్ కాదు. ఒక కోర్సు అయితేనే ఇంకోటి. ఎనిమిదో తరగతిలో ఆల్జీబ్రా మొదలుపెట్టిన పిల్లకు పన్నెండులో కాలిక్యులస్ అందుతుంది. తొమ్మిదిలో మొదలుపెడితే ప్రీకాలిక్యులస్ దగ్గరే బడి అయిపోతుంది. ఇక బేసిక్ మ్యాథ్ అని పక్కన కూర్చోబెట్టిన పిల్లాడి సంగతి చెప్పేదేముంది! ఇంజినీరింగ్ కాలేజీకి వెళ్ళేసరికి పక్కవాడు ఒక ఏడాది ముందుంటాడు. అంటే, ఈ పిల్ల ఇంజినీరవుతుందా లేదా అన్నది పదమూడేళ్ళకే సగం తేలిపోతోంది, అదీ ఆ పిల్లకు తెలియకుండానే.

మన ఇళ్ళల్లో ఎవరో ఒకరు ఈ లెక్కలన్నీ చూసుకుంటారు. పది పరీక్షలు అవ్వకముందే ఎంపీసీయా బైపీసీయా అని చుట్టాలందరూ మీటింగ్ పెడతారు. అమెరికాలో తెలుగు ఇళ్ళల్లో ఐదో తరగతి నుంచే మ్యాథ్ ట్రాక్ గురించి వాట్సాప్ గ్రూపులు నడుస్తాయి. ఇది తెలివితేటల గొప్ప కాదండీ, ఆ దారిలో ముందు నడిచినవాళ్ళు ఇంట్లో ఉండటం. పొలంలోనో హోటల్ వంటగదిలోనో రెండు షిఫ్టులు చేసే తండ్రికి కూతురు చదువుకోవాలనే ఉంటుంది. కానీ ఎనిమిదో తరగతిలో ఏ పెట్టెలో టిక్కు పెట్టాలో ఆయనకు చెప్పేదెవరు?

ఎస్కలాంటే ఈ మెట్ల దగ్గరే పని మొదలుపెట్టారు. గార్‌ఫీల్డ్‌కి పిల్లల్ని పంపే కింది బళ్ళలో లెక్కలు గట్టిపడేలా చూశారు. ఈస్ట్ లాస్ ఏంజెలెస్ కాలేజీలో ఎండాకాలం క్లాసులు పెట్టించి, ఒక మెట్టు వెనకబడిన పిల్లలు సెలవుల్లో దాన్ని అందుకునేలా చేశారు. బెన్ హిమెనెజ్ అనే ఇంకో మాస్టారు తోడు నిలిచారు. ప్రిన్సిపాల్ హెన్రీ గ్రాడియాస్ అయితే, ఆల్జీబ్రా కూడా తీసుకుంటేనే బేసిక్ మ్యాథ్‌లో కూర్చోనిస్తానని రూలు పెట్టారు. 1987కి వచ్చేసరికి ఏపీ కాలిక్యులస్ మొదటి స్థాయిలో పాసైనవాళ్ళు 73 మంది, పైస్థాయిలో 12 మంది.

తర్వాత ఏమైంది? ప్రిన్సిపాల్ వెళ్ళిపోయారు. తరగతిలో పిల్లలు ఎక్కువైపోయారని టీచర్ల యూనియన్‌తో గొడవలు. 1991లో ఎస్కలాంటే, హిమెనెజ్ ఇద్దరూ గార్‌ఫీల్డ్ వదిలేశారు. పాసయ్యేవాళ్ళ సంఖ్య కొన్నేళ్ళలోనే దారుణంగా పడిపోయింది. అదే బడి, అదే పేట, అలాంటి ఇళ్ళ పిల్లలే.

[తెర మీద: 17 శాతం, 8 శాతం. రెండు పట్టీలు పక్కపక్కన.]

దేశం మొత్తం మీద చూద్దాం. ప్యూ రిసెర్చ్ సెంటర్ అనే అమెరికా సర్వే సంస్థ 2021లో ఇచ్చిన నివేదిక ప్రకారం అమెరికాలో పనిచేసేవాళ్ళలో హిస్పానిక్‌లు 17 శాతం. సైన్సు, టెక్నాలజీ, ఇంజినీరింగ్, లెక్కలకు సంబంధించిన ఉద్యోగాల్లో మాత్రం 8 శాతం.

[తెర మీద: తెల్ల పీవీసీ గొట్టాలతో కట్టిన చిన్న నీటి రోబో.]

ఇప్పుడు ఆరిజోనా వెళ్దాం. 2004. ఫీనిక్స్‌లో కార్ల్ హేడెన్ హైస్కూల్. నలుగురు కుర్రాళ్ళు, ఇద్దరు సైన్సు మాస్టార్లు కలిసి నీళ్ళ అడుగున పనిచేసే రోబో కట్టారు. చేతిలో ఉన్న డబ్బు సుమారు 800 డాలర్లు. అందుకే పీవీసీ గొట్టాలు వాడారు. వాటిని అతికించే జిగురు వాసనకి రోబో పేరే స్టింకీ అయిపోయింది, కంపుగాడు అన్నమాట. కాలిఫోర్నియాలోని శాంటా బార్బరాలో ఆ ఏడాది జరిగిన మేట్ అనే నీటి రోబోల పోటీకి బయల్దేరారు. అక్కడ హైస్కూల్ పిల్లలకు వేరే విభాగం ఉన్నా, వీళ్ళు కాలేజీల విభాగంలో పేరిచ్చారు. సాటి బళ్ళ చేతిలో ఓడిపోతే సిగ్గు, పెద్ద కాలేజీల మీద ఓడిపోతే ఎవరూ ఏమీ అనరు కదా అని!

పోటీకి ముందు నీళ్ళలో దింపి చూస్తే, సర్క్యూట్లు పెట్టిన పెట్టెలోకి నీళ్ళు కారుతున్నాయి. విప్పి మళ్ళీ కట్టే టైము లేదు. కారే నీళ్ళను లోపలే పీల్చేసే వస్తువు కావాలి. బాగా పీల్చేది, చిన్నది, చవకైనది ఏముంది? టాంపన్లు, ఆడవాళ్ళు నెలసరిలో వాడేవి. ఒక కుర్రాడు దుకాణానికి వెళ్ళి, సిగ్గు చంపుకుని, అక్కడున్న ఒకావిడను ఏ రకం బాగా పీలుస్తుందండీ అని అడిగి తెచ్చాడు. పెట్టె లోపల పేర్చారు. సర్క్యూట్లు తడవలేదు. ఆ విభాగంలో మొత్తం మీద మొదటి బహుమతి కార్ల్ హేడెన్‌కే. రెండో స్థానం ఎంఐటీది.

ఇక్కడ ఆపేస్తే మంచి ఫార్వర్డ్ మెసేజ్ అవుతుంది. కానీ ఆ నలుగురికీ అమెరికాలో ఉండటానికి కాగితాలు లేవు, చిన్నప్పుడే పెద్దవాళ్ళతో వచ్చినవాళ్ళు. 2006లో ఆరిజోనా ఓటర్లు ప్రొపొజిషన్ 300 అనే ప్రతిపాదనను ఓటేసి ఆమోదించారు. కాగితాలు లేని పిల్లలు ప్రభుత్వ కాలేజీలో చదవాలంటే బయటి రాష్ట్రం వాళ్ళు కట్టే ఫీజు కట్టాలి. ఎంఐటీని ఓడించిన కుర్రాళ్ళకు పక్కనున్న యూనివర్సిటీ అందకుండా పోయింది. నలుగురిలో ఒకతను ఎలాగోలా మెకానికల్ ఇంజినీరింగ్ పూర్తి చేసి, 2009లో తనంతట తానే మెక్సికో వెళ్ళి వీసాకి అప్లై చేస్తే పదేళ్ళ నిషేధం పడింది. ఒక సెనేటర్ పూనుకోబట్టి మరుసటి ఏడాది తిరిగొచ్చి, అమెరికా సైన్యంలో చేరి అఫ్గానిస్తాన్ వెళ్ళాడు. తల్లిదండ్రుల ఉద్యోగ వీసా మీద ఆధారపడే హెచ్-4 వీసాతో పెరిగి, అది చెల్లకుండా పోయే 21 ఏళ్ళు నిండుతున్న పిల్లలున్న తెలుగు ఇళ్ళకు కాగితాల దిగులు ఎలా ఉంటుందో నేను చెప్పక్కర్లేదు. వీళ్ళది అంతకంటే గట్టి గోడ. ఆరిజోనాలో ఆ ఫీజు రూలు 2022లో ఓటర్లే ప్రొపొజిషన్ 308తో మార్చారు. అప్పటికి ఆ పిల్లలు ముప్పైల్లో పడ్డారు.

కాగితాల సంగతి ప్రభుత్వాల చేతిలోది. కానీ ఒక్క మనిషి చేయగలిగినవీ ఉన్నాయి. వ్యోమగామి హోసే హెర్నాండెజ్ కుటుంబం కాలిఫోర్నియాలో పంటల వెంట ఊరూరా తిరిగే కూలీల కుటుంబం. ఇంగ్లీషు ఆయనకు పన్నెండేళ్ళకి గానీ పట్టుబడలేదు. రెండో తరగతి టీచరమ్మ ఇంటికొచ్చి, పిల్లల్ని ఇలా ఊళ్ళు తిప్పకండి, ఒకచోట చదవనివ్వండి అని తల్లిదండ్రుల్ని ఒప్పించింది. వాళ్ళు స్టాక్టన్‌లో స్థిరపడ్డారు. ఆయన ఇంజినీరయ్యాడు, నాసా 11 సార్లు కాదన్నా మళ్ళీ దరఖాస్తు పెట్టాడు, 2009లో డిస్కవరీలో అంతరిక్షానికి వెళ్ళాడు. అన్నిసార్లు దరఖాస్తు పెట్టిన పట్టుదల గురించి అందరూ చెప్తారు. నాకైతే ఆ టీచరమ్మ వాళ్ళ ఇంటికి వెళ్ళడమే పెద్ద పని.

[తెర మీద: స్కూల్ జిమ్‌లో రోబో పోటీ, చుట్టూ పిల్లలు.]

మనవాళ్ళు ఎక్కువగా ఉండే డాలస్, హ్యూస్టన్, ఫీనిక్స్, బే ఏరియాల్లో లాటినో పిల్లలు కూడా చాలా ఎక్కువ. ఇలాంటి పిల్లలకు లెక్కలు, ఇంజినీరింగ్ దారి చూపే పని ఏళ్ళుగా చేస్తున్న సంస్థలున్నాయి. కాలిఫోర్నియాలో 1970లో మొదలైన మెసా (MESA), లాస్ ఏంజెలెస్‌లోని హిస్పానిక్ ఇంజినీర్లు 1974లో పెట్టుకున్న సంఘం ష్పే (SHPE). ఫస్ట్ (FIRST) అనే సంస్థ బడి పిల్లలకు నడిపే రోబో పోటీలకు ప్రతి సీజన్‌లోనూ జడ్జీలు, వాలంటీర్లు కావాలి, కొన్ని పనులకు ఇంజినీరింగ్ తెలియక్కర్లేదు కూడా. వారానికి ఒక సాయంత్రం ఎనిమిదో తరగతి పిల్లలకు ఆల్జీబ్రా చెప్పినా చాలు, ఎందుకో ఆ మెట్ల బొమ్మలో చూశారుగా. స్కూల్లో అడుగుపెట్టాలంటే బ్యాక్‌గ్రౌండ్ చెక్ ఉంటుంది, కొన్నిచోట్ల వేలిముద్రలు కూడా తీసుకుంటారు, కాబట్టి ఆగస్టులో బళ్ళు తెరిచేలోపే అడిగిపెట్టుకోండి. ఇప్పటికే చేస్తున్నవాళ్ళుంటే, మీ ఊళ్ళో ముందు ఎవరిని కలవాలో కామెంట్లలో రాయండి.