విక్టోరియా హాల్లో మన అడుగుజాడలు

అధ్యక్షులకు, పెద్దలకు, నాటకాభిమానులందరికీ నమస్కారం. తెలుగు నాటకరంగ దినోత్సవం నాడు మద్రాసులోని ఒక భవనాన్ని గురించి మాట్లాడతానంటే కాదనకుండా అవకాశమిచ్చిన నిర్వాహకులకు కృతజ్ఞుణ్ణి.

సెంట్రల్ స్టేషను నుంచి రిప్పన్ భవనం వైపు నడిచినవారందరూ ఆ ఎర్ర ఇటుకల మేడను చూసే ఉంటారు. అదే విక్టోరియా పబ్లిక్ హాలు. నగరానికొక సభామందిరం కావాలన్న సంకల్పంతో, రాబర్ట్ ఫెలోస్ చిషోమ్ గీసిన నమూనా ప్రకారం నంపెరుమాళ్ చెట్టి దానిని నిర్మించారు. 1883 డిసెంబరులో శంకుస్థాపన చేసినవారు విజయనగరం మహారాజా పూసపాటి ఆనందగజపతిరాజు, మన గురజాడను ఆదరించిన ఆ ఆనందగజపతే. 1897లో వివేకానందస్వామి అక్కడ ప్రసంగించారు. ఆ సంగతులకే ఒక పూట చాలదు కనుక, నేను చెప్పితీరవలసిన సంగతికి వస్తాను.

చాలా ఏళ్ళ కిందట, తాళం వేసి ఉన్న ఆ భవనం గేటు ముందు నేను నిలబడి ఉండగా, పక్కనే ఉన్న ఒక వృద్ధ తమిళ నటుడు నన్ను తెలుగువాడినని గుర్తించి, "మీ బళ్ళారి ఆచార్యులుగారు ఇక్కడికి రాకపోయి ఉంటే మా సంబంధ ముదలియార్ నాటకాల్లోకి వచ్చేవారే కాదు" అన్నారు. నాటకాన్నే నమ్ముకుని బతికిన నాకు ఆ ముక్క తెలియదు. సిగ్గుతో తల దించుకున్నాను.

తరువాత చదివి తెలుసుకున్నాను. 1891లో బళ్ళారి వకీలు ధర్మవరం రామకృష్ణమాచార్యులు తమ సరసవినోదినీ సభతో మద్రాసు వచ్చి తెలుగు నాటకాలు ప్రదర్శించారు. అంతవరకు తమిళ నాటకాలంటే ఏవగించుకునే పమ్మల్ సంబంధ ముదలియార్ అనే పద్దెనిమిదేళ్ళ విద్యార్థి వాటిని చూశాడు. వేషాలు కట్టినవారు వకీళ్ళు, ఉద్యోగులు, చదువుకున్న గృహస్థులని తెలిసి అతని మనసు మారిపోయింది. ఆ జులై 1న మిత్రులతో కలిసి సుగుణ విలాస సభను స్థాపించాడు. ఆధునిక తమిళ నాటకానికి పితామహుడని తమిళులు నేడు కొలుస్తున్నది ఆయననే.

అమ్మలారా, అయ్యలారా! ఈ మాట మన పిల్లల పాఠాల్లో ఎక్కడుంది? తమిళ నటుడికి గుర్తున్న ఆచార్యులవారు మనకెందుకు గుర్తులేరు? బళ్ళారి నేడు కర్ణాటకలో ఉన్నదనా, మద్రాసు మనది కాకుండా పోయిందనా? ఆచార్యులవారు ఆడించిన నాటకం మాత్రం తెలుగు నాటకమే కదా!

మీ ఇళ్ళలో అటకల మీద, తాతగారి ట్రంకుపెట్టెల్లో ఆనాటి నాటకాల కరపత్రాలు, టిక్కెట్లు, ఫోటోలు ఉంటే దయచేసి పారేయకండి. సభ ముగిశాక నేను గుమ్మం దగ్గరే ఉంటాను. ఒక్క కాగితం ఉన్నదని తెలిసినా వచ్చి నాకు చెప్పండి.