సగంలో ఆగిన పని ఎవరికి గుర్తుంటుంది? మైక్రోసర్వీసుల ఆర్కెస్ట్రేషన్ లోపలి కథ

[తెర మీద: వరుసగా మూడు పెట్టెలు: విమాన టికెట్, హోటల్ గది, చెల్లింపు. మూడో పెట్టె దాకా వెళ్లిన బాణం అక్కడే ఆగిపోతుంది.]

నమస్కారం. ఒక ప్రయాణపు బుకింగ్‌ను ఉదాహరణగా తీసుకుందాం. విమానంలో సీటు ఖాయమైంది, హోటల్‌లో గది ఖాయమైంది, చెల్లింపు సర్వీసుకు అభ్యర్థన కూడా వెళ్లింది. సరిగ్గా ఆ క్షణంలో, ఈ మూడింటినీ పిలుస్తున్న ప్రోగ్రాము నడిచే సర్వర్ ఆగిపోయింది. అప్పటిదాకా ఏమేం జరిగిందన్నది మెమరీలో మాత్రమే ఉంది కాబట్టి, సర్వర్ తిరిగి లేచేసరికి ఆ ప్రోగ్రాముకు ఏమీ గుర్తుండదు. సీటు, గది మాత్రం ఆ ప్రయాణికుడి పేరు మీద అలాగే నిలిచి ఉంటాయి. డబ్బు కోత పడిందో లేదో ఇటువైపు ఎవరూ చెప్పలేరు. వర్క్‌ఫ్లో, అంటే ఇలా వరుసగా జరగాల్సిన అడుగుల క్రమం, అనగానే చాలామంది పెట్టెలూ బాణాలూ గీయడం మొదలుపెడతారు గానీ, అసలు కష్టమంతా ఈ మరపులోనే ఉంది.

ఒకే అప్లికేషన్, దాని వెనుక ఒకే డేటాబేస్ ఉన్నప్పుడు ఈ చిక్కు ఇంతగా కనిపించదు. మూడు టేబుళ్లలో మార్పులు చేసి చివరన కమిట్ చేస్తే, అంటే ఖాయం చేస్తే, మూడూ నిలుస్తాయి, మధ్యలో ఏదైనా తప్పితే మూడూ వెనక్కి పోతాయి. అప్లికేషన్‌ను విడివిడిగా నడిచే చిన్న సర్వీసులుగా విడగొట్టే మైక్రోసర్వీసుల పద్ధతిలో ప్రతి సర్వీసు తన డేటాను తన దగ్గరే ఉంచుకుంటుంది కనుక ఆ భరోసా పోతుంది. టూ ఫేజ్ కమిట్ అనే పాత విధానం ఒకటి ఉంది. అందులో పాల్గొనే వారందరూ సమన్వయకర్త తుది మాట చెప్పేదాకా తమ డేటాను మరెవరూ మార్చకుండా లాక్ చేసి పట్టుకుని ఉండాలి. ఆ సమన్వయకర్తే కూలిపోతే మిగిలినవారు ఎదురుచూస్తూ ఉండిపోవలసిందే. పైగా మన అధీనంలో లేని బయటి సంస్థల సర్వీసులు ఇటువంటి లాకులకు ఒప్పుకోవు.

[తెర మీద: 1987, సాగా]

దీనికి దారి 1987లోనే దొరికింది. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయానికి చెందిన హెక్టర్ గార్సియా మోలీనా, కెన్నెత్ సేలం ఆ ఏడాది సాగా అనే ఆలోచనను ప్రతిపాదించారు. అప్పట్లో వారిని ప్రధానంగా వేధించిన సమస్య, గంటల తరబడి సాగుతూ డేటాబేస్‌ను లాక్ చేసి ఉంచే ట్రాన్సాక్షన్లు, అంటే అన్నీ కలిసి నిలవాల్సిన లేదా అన్నీ కలిసి వెనక్కి పోవాల్సిన మార్పుల కట్టలు. వారు ఆ పెద్ద ట్రాన్సాక్షన్‌ను చిన్నచిన్న ట్రాన్సాక్షన్లుగా విడగొట్టి, ఒక్కొక్క దానికి ఒక విరుగుడును జత చేశారు. నాలుగో అడుగు విఫలమైతే మూడు, రెండు, ఒకటి అన్న క్రమంలో విరుగుళ్లు నడుస్తాయి. డెవలపర్లు ఈ విరుగుడునే కాంపెన్సేషన్ అంటారు.

విరుగుడును, డేటాబేస్ మార్పులను వెనక్కి తీసుకునే రోల్‌బ్యాక్‌తో సమానమని అనుకోకూడదు. రోల్‌బ్యాక్ జరిగితే అసలేమీ జరగనట్టే ఉంటుంది. టికెట్‌ను రద్దు చేస్తే మాత్రం రద్దు రుసుము పోతుంది, ఈలోగా ఆ సీటు దొరకక మరొకరు వేరే విమానం చూసుకుని ఉంటారు, ప్రయాణికుడికి వెళ్లిన ఈమెయిల్‌ను వెనక్కి తెచ్చుకోవడం ఎవరి వల్లా కాదు. అందువల్ల వెనక్కి తీసుకోలేని పనులను వీలైనంత చివరికి నెట్టాలి. విరుగుడు కూడా విఫలం కావచ్చు కనుక దాన్ని పదేపదే ప్రయత్నించే ఏర్పాటు ఉండాలి, అప్పటికీ కుదరకపోతే విషయం ఒక మనిషి దృష్టికి చేరాలి.

మరి ఎక్కడిదాకా వచ్చామన్నది ఎవరు గుర్తుంచుకోవాలి? కొరియోగ్రఫీ అనే పద్ధతిలో ఎవరూ గుర్తుంచుకోరు. ఒక సర్వీసు తన పని ముగించి ఒక ఈవెంట్‌ను ప్రకటిస్తుంది, దాన్ని విన్న మరో సర్వీసు తన పని మొదలుపెడుతుంది. రెండు మూడు సర్వీసులకు ఇది హాయిగా సరిపోతుంది. పది సర్వీసులు చేరిన తరువాత ఒక బుకింగ్ ఎక్కడ ఆగిందో తెలుసుకోవాలంటే పది చోట్ల లాగ్‌లను, అంటే సర్వీసులు రాసుకున్న నమోదులను, వెతకాలి. విరుగుళ్లు అవసరమైన వర్క్‌ఫ్లోలకు ఈ పద్ధతిని నేను సూచించను. సర్వీసులన్నింటినీ ఒకే ప్రోగ్రాము వరుసగా పిలిచే ఆర్కెస్ట్రేషన్‌లో ఆ జ్ఞాపకాన్ని ఒకే చోట ఉంచుతారు.

[తెర మీద: ఒక చరిత్ర పట్టిక, అందులో ఒక్కొక్క వరుసా చేరుతూ ఉంటుంది.]

ఉబర్ 2017లో ఓపెన్ సోర్స్‌గా విడుదల చేసిన కేడెన్స్, దాన్ని రూపొందించినవారే 2019లో ప్రారంభించిన టెంపోరల్ అనే వర్క్‌ఫ్లో ఇంజిన్లు ఈ జ్ఞాపకాన్ని ఎలా నిలుపుతాయో చూద్దాం. ప్రతి అడుగూ మొదలైనప్పుడు, ముగిసినప్పుడు, దాని ఫలితంతో సహా ఒక చరిత్రలో నమోదవుతుంది. ఆ చరిత్ర డేటాబేస్‌లో ఉంటుంది కనుక సర్వర్ పోయినా నిలుస్తుంది. వేరొక సర్వర్ ఆ పనిని అందుకున్నప్పుడు వర్క్‌ఫ్లో కోడ్‌ను మొదటి వరుస నుంచి మళ్లీ నడుపుతుంది, కానీ చరిత్రలో ఫలితం ఉన్న అడుగు దగ్గర సర్వీసును పిలవకుండా ఆ పాత ఫలితాన్నే అందిస్తుంది. అలా పోగా పోగా, చరిత్రలో లేని మొదటి అడుగు దగ్గర అసలు పని తిరిగి మొదలవుతుంది. ఇది కుదరాలంటే ఆ కోడ్ ఎన్నిసార్లు నడిచినా ఒకే దారిలో నడవాలి. అందుకే దానిలో గడియారాన్ని నేరుగా చూడకూడదు, యాదృచ్ఛిక సంఖ్యలను నేరుగా తీసుకోకూడదు. ఇదే ఏర్పాటు వల్ల ముప్పై రోజులు ఆగి గుర్తుచేయాలన్న అడుగును కూడా ఒక్క వరుసలో రాయవచ్చు, ఎందుకంటే ఆ ముప్పై రోజులూ ఏ ప్రాసెస్ కూర్చుని ఎదురుచూడదు, డేటాబేస్‌లో ఒక టైమర్ నమోదై ఉంటుంది.

అమెజాన్ 2016 డిసెంబరులో ప్రకటించిన స్టెప్ ఫంక్షన్స్ అనే ఇంజిన్‌లో కోడ్‌కు బదులు అడుగుల వివరణను జేసన్ అనే టెక్స్ట్ రూపంలో రాస్తారు. అందులో ఒక స్టాండర్డ్ వర్క్‌ఫ్లో గరిష్ఠంగా ఏడాది పాటు నడవగలదు. ఎయిర్‌బిఎన్‌బిలో 2014లో మొదలైన ఎయిర్‌ఫ్లో వేరే కోవకు చెందింది. వేళ ప్రకారం నడిచే డేటా పనులకు అది చక్కగా సరిపోతుంది గానీ, వినియోగదారుడు తెర ముందు ఎదురుచూస్తున్న బుకింగ్‌కు కాదు.

అయితే ఎంత మంచి ఇంజిన్ ఉన్నా పూడ్చలేని ఒక సందు మిగులుతుంది. చెల్లింపు సర్వీసు డబ్బు తీసుకుంది, ఆ సమాధానం చరిత్రలోకి చేరకముందే నెట్‌వర్క్ తెగిపోయింది అనుకోండి. ఇంజిన్ దృష్టిలో ఆ అడుగు జరగలేదు కాబట్టి మళ్లీ పిలుస్తుంది. ఎన్నిసార్లు అడిగినా ఒక్కసారి అడిగినట్టే ప్రవర్తించే గుణం, అంటే ఐడెంపొటెన్సీ, ఆ సర్వీసుకు ఉండి తీరాలి. ప్రతి అభ్యర్థనతో ఒక తాళపుచెవి లాంటి గుర్తింపును పంపితే, అదే గుర్తింపు రెండోసారి వచ్చినప్పుడు సర్వీసు మళ్లీ డబ్బు తీసుకోకుండా మొదటి సమాధానాన్నే తిరిగి ఇస్తుంది. ఆ గుర్తింపును వర్క్‌ఫ్లో సంఖ్య, అడుగు పేరు కలిపి తయారుచేయాలి. ప్రతి ప్రయత్నానికీ కొత్త గుర్తింపు పుట్టించే కోడ్ రాస్తే ఈ రక్షణ అంతా వృథా అవుతుంది, ఆ పొరపాటు పరీక్షల్లో కనిపించదు కూడా.

మళ్లీ ప్రయత్నించేటప్పుడు ఒక సెకను, రెండు, నాలుగు, ఎనిమిది అంటూ వ్యవధిని పెంచుతూ, దానికి కొంత యాదృచ్ఛికతను కలపాలి. లేకపోతే అప్పుడే కోలుకుంటున్న సర్వీసు మీద అందరూ ఒకేసారి పడతారు. కార్డు చెల్లదని సమాధానం వస్తే మాత్రం మళ్లీ అడగడంలో అర్థం లేదు.

చివరిగా, వారాల తరబడి నడిచే వర్క్‌ఫ్లో మధ్యలో ఉండగానే కొత్త కోడ్ డెప్లాయ్ అవుతుంది, అంటే అమల్లోకి వస్తుంది. అడుగుల క్రమం మారితే పాత చరిత్ర కొత్త కోడ్‌తో పొసగదు. కాబట్టి అప్పటికే మొదలైన వర్క్‌ఫ్లోలన్నీ ముగిసేదాకా పాత దారిని కోడ్‌లో ఉంచి, కొత్తవాటిని మాత్రమే కొత్త దారిలో నడపాలి. ఇదంతా సరిగా కుదిరిందో లేదో తెలుసుకోవడానికి నేను నమ్మే పరీక్ష ఒక్కటే: ప్రతి రెండు అడుగుల మధ్యా వర్క్‌ఫ్లో కోడ్‌ను నడిపే వర్కర్ ప్రాసెస్‌ను కావాలని చంపి, అది మళ్లీ లేచిన తరువాత ఎన్ని టికెట్లు బుక్ అయ్యాయో, డబ్బు ఎన్నిసార్లు కోత పడిందో లెక్కపెట్టడం.

[తెర మీద: మూడు పెట్టెలు మళ్లీ కనిపిస్తాయి. ఆగిన బాణం మూడో పెట్టెలోకి చేరుతుంది.]