బాతుకి తల మునిగేన్ని నీళ్లు

శ్రోతలందరికీ నమస్కారం. పెరట్లో నాలుగు బాతులు పెంచుకుందాం అనుకునేవాళ్లు ముందుగా అడిగేది ఒకటే, మా ఇంటి దగ్గర చెరువు లేదు కదండీ, ఎలా అని. చెరువు అక్కర్లేదండీ. కానీ తల మునగాలి. ఈ మాట ఇవాళ రెండు మూడుసార్లు అంటాను, కావాలనే అంటాను.

మాది పశ్చిమ గోదావరిలో చుట్టూ వరిచేలున్న ఊరు. ఒక ఏడు మా అమ్మ సంతలో ఆరు బాతులు కొంది. కోళ్లకు పెట్టే మూకుట్లోనే వీటికీ నీళ్లు పెట్టేవాళ్లం. నెల తిరక్కుండా రెండింటికి కళ్ల చుట్టూ పుసి కట్టేసింది, ముక్కు రంధ్రాల్లో తవుడు ఎండి గట్టిపడిపోయింది. అమ్మకి ఒకటే టెన్షన్. కంటి చుక్కలు తెచ్చి వేశాం, తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చేది. అప్పుడే సార్వా, అంటే వానాకాలం వరి, కోతలైపోయి, ఊరి బయట చేలల్లోకి బాతుల మంద దిగింది. రాలిన గింజలూ నత్తలూ మేపుకుంటూ ఊరి నుంచి ఊరికి మందని తోలుకుపోయే కాపరులు డెల్టాలో పెరిగినవాళ్లందరికీ తెలుసు. అమ్మ ఒక బాతుని చంకలో పెట్టుకుని గట్టు మీద నడుస్తుంటే నేను వెనకాల వెళ్లాను.

"దీని కళ్లు ఒక్కసారి చూడన్నా" అంది.

ఆ మంద కాపరి చూసి, "మందేం వద్దమ్మా, నీళ్లు దేంట్లో పెడుతున్నావ్?" అన్నాడు. మూకుట్లో అంది అమ్మ.

"మూకుట్లో మూతి తడుస్తుంది గానీ తల మునగదు కదమ్మా" అని బాతుని తీసుకెళ్లి పక్కనున్న బోదెలో, అంటే చేలకి నీళ్లు పారే చిన్న కాలవలో, వదిలాడు. ఆ బాతు తల ముంచింది, విదిలించింది, మళ్లీ ముంచింది, ఎన్నిసార్లు ముంచిందో లెక్కలేదు, వీపు మీదికి నీళ్లు చిమ్ముకుంటూ అలా ఉండిపోయింది. "మొహం కడుక్కోవాలమ్మా అది" అన్నాడాయన.

ఆ సాయంత్రమే మూకుడు తీసేసి గమేళా పెట్టాం. వారం పది రోజుల్లో కళ్లు తేటపడ్డాయి. మీ ఇంట్లో అలా తగ్గకపోతే మాత్రం పశువుల డాక్టరుకి చూపించండి.

ఆరంగుళాల లోతున్న గమేళా గానీ సిమెంటు తొట్టి గానీ చాలు. లోపల ఒక ఇటుక వేస్తే ఎక్కి బయటికి రాగలవు. గూస్‌లు అని పిలిచే పెద్ద జాతి బాతులకీ ఇదే పద్ధతి, మెడ పొడుగు కాబట్టి తొట్టి ఇంకొంచెం లోతుంటే మంచిది. నీళ్లు పూటలోనే బురదైపోతాయి, రోజూ మార్చాల్సిందే, ఆ మురికి నీళ్లు కొబ్బరి పాదులో పోయండి, చెట్టుకి మంచి ఎరువు. తల్లి బాతు లేకుండా పెరిగే పిల్లల్ని మాత్రం తొట్టిలో వదలకండి, వాటి ఈకలకు ఇంకా నూనె పట్టి ఉండదు, తడిసి చలికి చచ్చిపోతాయి. వాటికి గులకరాళ్లు వేసిన పళ్లెంలో నీళ్లు పెట్టండి.

ఇక రాత్రి సంగతి. ఆ కాపరి చీకటి పడకముందే మంద మొత్తాన్ని వల కట్టిన దొడ్డిలోకి తోలి, పక్కనే పడుకునేవాడు. మనం పక్కన పడుకోలేం కాబట్టి తలుపు గట్టిగా ఉండాలి. బాతులు కోడిలా కొమ్మెక్కవు, నేల మీదే పడుకుంటాయి, కుక్కకీ నక్కకీ ముంగిసకీ ఎదురుగా దొరికిపోతాయి. గూస్‌లు అరిచి ఊరంతా లేపుతాయి గానీ కుక్కల గుంపుని ఆపలేవు. పల్చటి కోళ్ల వల కుక్క చింపేస్తుంది, గట్టి ఇనుప జాలీ వేయించండి, తలుపుకి గడియ పెట్టండి. కింద ఎండు వరిగడ్డి గానీ ఊక గానీ పరవండి, తడిసింది తడిసినట్టు తీసేయండి, బూజు పట్టిన గడ్డి మీద పడుకుంటే ఊపిరితిత్తులకి జబ్బు చేస్తుంది. చలి అని చుట్టూ పట్టాలు కప్పేయకండి, పైన గాలి ఆడాలి.

లోపల నీళ్లు పెట్టాలా అంటే, ఎదిగిన బాతులకి రాత్రి పూట మేత తీసేస్తే నీళ్లు లేకపోయినా గడిచిపోతుంది. మేత ఉంచి నీళ్లు తీసేయడం మాత్రం ఎప్పుడూ వద్దు, పొడి తవుడు గొంతులో అడ్డం పడుతుంది. ఎండాకాలం రాత్రుళ్లు నేనైతే లోపలికి దిగడానికి వీల్లేని చిన్న మూతి కుండలో నీళ్లు ఉంచుతాను.

పొద్దున్నే తలుపు తీసేయాలని తొందరపడకండి. బాతు తెల్లవారుజాము నుంచి తొమ్మిదిలోపే గుడ్డు పెడుతుంది, ముందే వదిలేస్తే గుడ్లు గడ్డిలోనో కాలవలోనో పోతాయి. తొమ్మిది దాకా ఆగి గుడ్లు ఏరుకోండి. తలుపు తీసేలోపే గమేళా నింపి ఉంచండి, ఎందుకంటే బయటికి రాగానే అవి మేత వైపు చూడవు, నేరుగా నీళ్ల దగ్గరికే పరిగెత్తుకెళ్లి తల ముంచుతాయి.