సగం సగం అనే ముందు

మిత్రులారా,

రికవరీ విభాగంలో కొత్తగా చేరిన మీతో ముఖ్యంగా ఒక్క విషయం మాట్లాడాలని వచ్చాను. మన పాలసీదారు కారు రిపేరుకు మనం కట్టిన డబ్బును, తప్పు చేసిన అవతలి డ్రైవరు నుంచి, ఎక్కువగా అతని బీమా కంపెనీ నుంచి రాబట్టడం మన పని. నష్టపరిహారం అడిగే హక్కు పాలసీదారుది. మనం కట్టిన మేరకు అది మన చేతికి వస్తుంది. సబ్రొగేషన్ అంటే అదే. అతని కేసులో ఎంత బలముందో మనకూ అంతే, రవ్వంత కూడా ఎక్కువ రాదు.

అవతలి కంపెనీ చాలాసార్లు మొదటి ఫోన్‌లోనే అనే మాట, "ఇద్దరిదీ తప్పే, చెరి సగం చేసుకుందాం." మన దగ్గర ఫైళ్లు పేరుకుపోయి ఉంటాయి, ఆయనేమో మర్యాదగా మాట్లాడతాడు. సరే అనేస్తాం. ఆ "సరే" దగ్గరే నా బాధంతా. కంపెనీకి అది లెక్కల్లో ఒక పద్దు. తప్పు లేని పాలసీదారుకు మాత్రం రిపేరు ఖర్చులో తన వంతుగా జేబు నుంచి పెట్టుకున్న ఎక్సెస్‌లో సగం పోతుంది, చాలా పాలసీల్లో క్లెయిమ్ లేని ఏడాదికి ప్రీమియం తగ్గించే నో క్లెయిమ్ బోనస్‌కూ దెబ్బ తగులుతుంది.

అసలు తప్పును పంచడమే ఒకప్పుడు లేదు. ఇంగ్లండులో 1809 నాటి ఒక కేసులో, రోడ్డుకు అడ్డంగా పెట్టిన కర్రకు తగిలి గుర్రంతో సహా పడ్డ మనిషికి చిల్లిగవ్వ దక్కలేదు, అతనూ మరీ వేగంగా వచ్చాడని. 1842లో ముందరికాళ్లకు బందం వేసి రోడ్డు మీద వదిలిన గాడిదను బండి తొక్కేస్తే, గాడిద యజమానే గెలిచాడు. బండివాడు జాగ్రత్తగా తోలి ఉంటే తప్పించగలిగేవాడని కోర్టు చూసింది. వస్తే మొత్తం, లేకపోతే సున్నా. బాధ్యతను బట్టి పరిహారం తగ్గించే చట్టం అక్కడ 1945లో వచ్చింది. అదైనా ఎవరి వాటా ఎంతో తేల్చమంది, సగానికి కోయమనలేదు.

తేల్చడానికి ఫోటోలు చూడండి. రెండు కార్లూ ఒకే దిశలో వెళ్తూ పక్కలు రాసుకున్నాయి. మా లేన్‌లోకి మీరు వచ్చారంటే మా లేన్‌లోకి మీరు వచ్చారని ఇద్దరూ అంటున్నారు. మన కారు గీత వెనక తలుపు దగ్గర సన్నగా మొదలై, ముందు మడ్‌గార్డు దగ్గర లోతై, రేకు ముందుకు మడిచి ఉందనుకోండి. అవతలి కారు మనకంటే వేగంగా, వెనక నుంచి దాటుతూ రాసుకుందన్నమాట. లేన్ ఎవరు మారారో ఇది ఒక్కటే తేల్చదు. కానీ "మీ కారే మమ్మల్ని ఓవర్‌టేక్ చేసింది" అన్న వాదన దాని ముందు నిలవదు. ఫోటో పంపి, "మా డ్రైవరు చేసిన ఏ పనికి ఈ యాభై శాతం?" అని రాతపూర్వకంగా అడగండి. కారణం రాయమనేసరికి చాలా యాభైలు కరిగిపోతాయి.

మన డ్రైవరు తప్పుంటే దాచకండి. ఇండికేటర్ వేయలేదని అతనే చెప్పి ఉంటే, ఆ వాటా మనమే ముందు ఒప్పుకుని మిగతా దాని కోసం గట్టిగా నిలబడాలి. అవతలివాళ్లు మీ తర్వాతి ఫైలును నమ్మేది అందుకే.

ఇక సెటిల్‌మెంట్ కాగితం. "ఇంతటితో అన్ని క్లెయిములూ ముగిసినట్టే" అన్న వాక్యం కనిపిస్తే సంతకం ఆపండి. పాలసీదారు ఎక్సెస్, అద్దె కారు ఖర్చు, పోయిన జీతం మనం కట్టినవి కావు. అవి అతను విడిగా అడగాల్సినవి కావచ్చు. ముందు అతనికి ఫోన్ చేసి కనుక్కోండి. ఆ వాక్యాన్ని మనం కట్టిన మొత్తానికే పరిమితం చేయించి, అప్పుడు సంతకం పెట్టండి.