ఫాలోవర్లు ఎవరి సొత్తు?

శ్రోతలకు నమస్కారం.

మూడేళ్ల క్రితం, సంక్రాంతికి రెండు రోజుల ముందు, పొద్దున్నే ఫోన్ తెరిస్తే సోషల్ మీడియాలో నా పేజీ లేదు. సుల్తాన్ బజార్, గౌలిగూడ, బేగంబజార్ లాంటి పాత హైదరాబాద్ వీధుల కథలను చిన్న వీడియోలుగా చెప్పే పేజీ అది. "మీరు నిబంధనలు ఉల్లంఘించారు" అని ఒక్క వాక్యం కనిపించింది. ఏ నిబంధనో రాయలేదు. అప్పీల్ పెట్టుకున్నాను. పంతొమ్మిది రోజులకు పేజీ తిరిగొచ్చింది. కారణం మాత్రం అప్పుడూ చెప్పలేదు.

వీడియోలన్నీ నా హార్డ్ డిస్క్‌లో భద్రంగానే ఉన్నాయి. వాటిని చూసే మనుషులకే కబురు పంపే దారి లేకపోయింది. వేలమంది ఉన్నారు. ఒక్కరి నంబరు గానీ, మెయిల్ గానీ నా దగ్గర లేదు. మా నాన్నగారు రేడియోకి కార్డు రాస్తే, కింద చిరునామా తప్పకుండా రాసేవారు. ఆ కార్డు అందుకున్నవాళ్లకు ఆయన ఎవరో, ఏ ఊరో తెలిసేది. నాకు ఆ పాటి కూడా తెలియదు.

2020 జూన్ 29న కేంద్ర ప్రభుత్వం టిక్‌టాక్‌తో కలిపి 59 యాప్‌లను నిషేధించింది. ఆ నిర్ణయం మంచిచెడ్డల జోలికి నేను వెళ్లను. కానీ లక్షల ఫాలోవర్లున్న మన తెలుగు పిల్లలు ఒక్క రాత్రిలో సున్నాకు వచ్చేశారు. వాళ్ల ప్రతిభ ఎక్కడికీ పోలేదు, చూసేవాళ్లూ ఊళ్లోనే ఉన్నారు. మధ్యలో ఉన్న తీగ తెగిపోయింది, అంతే.

అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల డిజిటల్ మార్కెటింగ్ కోచింగ్ బోర్డులు మీరు చూసే ఉంటారు. అక్కడ నేర్పే దాంట్లో పెద్ద భాగం రీచ్, అంటే మన పోస్టు చేరే మనుషుల సంఖ్య, పెంచుకోవడం గురించే. రీచ్ పడిపోతే బూస్ట్ చేయించుకోవాలి. అంటే, మన పేజీని ఇష్టపడి ఫాలో అయినవాళ్లకు మన మాట చేరడానికి కూడా మనమే డబ్బు కట్టాలి. ఇది నాకు అన్యాయంగా తోస్తుంది. ఈ కంపెనీలు ఏమీ ఇవ్వలేదని అనను. యూట్యూబ్ పొడవైన వీడియోల ప్రకటనల ఆదాయంలో 55 శాతం చేసినవాళ్లకే ఇస్తుంది. నాలాంటివాళ్లకు వేదిక దొరికింది అక్కడే. నా బాధంతా ఆ వేదిక దిగితే వట్టి చేతులతో దిగాల్సి రావడం గురించే.

ఒకప్పుడు సిమ్ కంపెనీ మారితే నంబరు పోయేది. బంధువులందరికీ ఫోన్ చేసి కొత్త నంబరు చెప్పుకోవాల్సి వచ్చేది. 2011 జనవరి 20న దేశమంతా నంబర్ పోర్టబిలిటీ వచ్చింది. నంబరు మనది, కంపెనీ మన ఇష్టం. వాడేవాళ్లదే అయిన ఇంటర్నెట్ అంటే నా దృష్టిలో ఇదే. మన పేరు, మన రాతలు, మనల్ని కోరుకున్న మనుషులు మనతోపాటే పోర్ట్ అవ్వాలి.

ఇది కేవలం ఊహ కాదు. వెబ్ ప్రమాణాలు చూసే డబ్ల్యూ త్రీ సీ సంస్థ 2018లోనే వేర్వేరు సోషల్ మీడియా సైట్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే యాక్టివిటీపబ్ అనే ఉమ్మడి పద్ధతిని ఆమోదించింది. మాస్టడాన్ అనే సోషల్ నెట్‌వర్క్ దాని మీదే, వేర్వేరు వాళ్లు నడిపే సర్వర్లలో నడుస్తోంది. అక్కడ ఒక సర్వర్ నచ్చకపోతే ఇంకో సర్వర్‌కు మారొచ్చు, ఫాలోవర్లు వెంట వస్తారు. పాత పోస్టులు మాత్రం ఇంకా రావు, ఆ లోటు ఉంది. 2024 ఫిబ్రవరిలో అందరికీ తెరుచుకున్న బ్లూస్కై అనే మరో సోషల్ నెట్‌వర్క్‌లో మన సొంత వెబ్‌సైట్ పేరునే మన పేరుగా పెట్టుకోవచ్చు. ఎవరికి ఏ పోస్టులు ముందు కనపడాలో కంపెనీ ఒక్కటే తేల్చదు, ఎవరైనా ఒక ఫీడ్, అంటే తాము ఎంచిన పోస్టుల వరుస, తయారు చేయొచ్చు. హైదరాబాద్ తెలుగువాళ్ల వంటల ఫీడ్ ఒకటి ఉందనుకోండి. బేగంబజార్‌లో మసాలాలు అమ్మే చిన్న దుకాణదారు నేరుగా అక్కడికే రావచ్చు.

అప్పుడు మార్కెటింగ్ లెక్క మారుతుంది. ఇవాళ పచ్చళ్లమ్మే ఆవిడ నాలాంటివాళ్ల దగ్గరికి ప్రమోషన్ కోసం వస్తే, "మీకు ఫాలోవర్లు ఎంతమంది?" అనే అడుగుతారు. ఆ అంకెను కొనుక్కునేవాళ్లు కూడా ఉన్నారని అందరికీ తెలుసు. రేపు అడగాల్సిన ప్రశ్న వేరు: మీ మాట వింటామని తమంతట తాము ఒప్పుకున్నవాళ్లు ఎంతమంది? మూడు వందల మందే ఉండనివ్వండి. ఆవకాయ సీజన్‌లో వాళ్లకు ఒక్క కబురు చాలు.

ఇందులో కష్టం కూడా ఉంది. ఎర్రగడ్డ రైతు బజార్‌లో దళారీ లేడు, నిజమే. కానీ తెల్లవారకముందే కూరగాయలు దింపుకోవడం, తూయడం, బేరాలకు ఓర్చుకోవడం అన్నీ రైతే చేసుకోవాలి. సొంత ఇంటర్నెట్‌లోనూ అంతే. స్పామ్, బూతు కామెంట్లు, బ్యాకప్‌లు, అన్నీ మన నెత్తిమీదే.

ఇంకో మాట. వెబ్ త్రీ అని, క్రిప్టో కాయిన్లతో నడిచే కొత్త ఇంటర్నెట్ పేరు చెప్పి "ఈ కాయిన్ కొనండి, మీరూ యజమానులే" అనేవాళ్లు వస్తారు. దయచేసి తొందరపడకండి. మన దేశంలో క్రిప్టో లాభం మీద 2022 నుంచి 30 శాతం పన్ను ఉంది. పైగా కాయిన్లు దాచుకునే వాలెట్ తాళపు మాటలు పోగొట్టుకుంటే తెచ్చిచ్చే నాథుడు ఉండడు. నేను చెప్పే సొంతానికి కాయిన్ అవసరం లేదు.

కావాల్సింది చట్టం. 2019 నాటి వ్యక్తిగత డేటా బిల్లులో, మన డేటాను మనం ఇంకోచోటికి తీసుకెళ్లే హక్కు ఉండేది. 2023లో వచ్చిన చట్టంలో అది లేదు. నంబరుకు ఇచ్చిన హక్కు మన రాతలకు ఎందుకు ఇవ్వకూడదు? మీ ఎంపీ గారు కనిపిస్తే ఈ ప్రశ్న అడగండి.

ఆ పంతొమ్మిది రోజుల తర్వాత నేను సొంత పేరుతో ఒక వెబ్‌సైట్ పెట్టుకున్నాను. ప్రతి వీడియో చివర, ఇష్టమైతే మెయిల్ ఇమ్మని అడుగుతాను. ఇప్పటికి నాలుగు వందల పైచిలుకు మంది ఇచ్చారు. నెలకొకసారి వాళ్లకు ఉత్తరం రాస్తాను. పోయిన నెల 2018లో కూలిపోయిన గౌలిగూడ బస్టాండ్ గురించి రాస్తే, అక్కడ డ్యూటీ చేసి రిటైరైన ఒక కండక్టర్ గారు నాలుగు పేజీల జవాబు పంపారు. ఏ బస్సు ఏ మూల ఆగేదో బొమ్మ గీసి మరీ చూపించారు. వచ్చే నెల వీడియో ఆయనతోనే.

సెలవు.