న్యూ సేలం కొట్టు నుంచి శాసనసభకు: లింకన్ బాకీల కథ

నిర్వాహకుడు: నమస్కారం. అబ్రహాం లింకన్‌ను అమెరికా అధ్యక్షుడిగా ఎరగనివారు లేరు. ఇలినాయ్ రాష్ట్రంలోని న్యూ సేలం అనే పల్లెలో కొట్టు పెట్టి నష్టపోయిన లింకన్ గురించి నేడు చర్చిద్దాం. ఆచార్యులవారూ, ఆ వ్యాపారం ఎలా మొదలైందండీ?

చరిత్ర ఆచార్యుడు: 1831లో డెంటన్ ఆఫట్ కొట్లో గుమాస్తాగా చేరారండీ. అది మూతపడ్డాక విలియం బెర్రీతో కలిసి మరో కొట్టును, చేతిలో డబ్బు లేదు గనుక ప్రామిసరీ నోట్లు (అప్పు పత్రాలు) రాసిచ్చి, సరుకుతో సహా కొన్నారు. పల్లె ఎదగలేదు, బేరాలు సాగలేదు. 1835లో బెర్రీ చనిపోవడంతో భాగస్వామి బాకీ కూడా లింకన్ మెడకే చుట్టుకుంది. సుమారు 1,100 డాలర్ల ఆ అప్పును ఆయన వేళాకోళంగా 'జాతీయ రుణం' అనేవారు.

రాజకీయ విశ్లేషకురాలు: దివాలా తీసిన వర్తకుడిని జనం ఎందుకు నమ్మారన్నదే అసలు ప్రశ్న. 1832లో రాష్ట్ర శాసనసభకు తొలిసారి పోటీ చేసి, 13 మందిలో ఎనిమిదో స్థానంలో నిలిచి ఓడిపోయారు. అయినా న్యూ సేలంలో ఓటు వేసిన 300 మందిలో 277 మంది ఆయనకే వేశారు. అప్పటికి ఆయన ఆ ఊరికి వచ్చి ఏడాదే అయింది. కొట్టు బల్ల వెనక నిలబడినవాడికి ఊరంతా ముఖపరిచయమవుతుంది, ఎవరి ఇబ్బంది ఏమిటో చెవిన పడుతుంది.

చరిత్ర ఆచార్యుడు: ఊరి మటుకు ఒప్పుకుంటానండీ. కానీ 1834లో ఆయనను గెలిపించింది ఊరొక్కటే కాదు, సంగమన్ కౌంటీ, అంటే మన జిల్లా లాంటి ప్రాంతం. 1833లో పోస్ట్‌మాస్టరై, ఉత్తరాలను టోపీలో పెట్టుకుని ఇళ్లకు చేర్చారు; భూములు కొలిచే సర్వేయరుగా పొలాల వెంట తిరిగారు. ఆ తిరుగుడే ఆయనను కౌంటీకి పరిచయం చేసిందని నా అభిప్రాయం.

నిర్వాహకుడు: బాకీల కింద ఆ సర్వే పరికరాలను కూడా వేలం వేశారు కదండీ?

రాజకీయ విశ్లేషకురాలు: అవునండీ, గుర్రంతో పాటు. జేమ్స్ షార్ట్ అనే రైతు 120 డాలర్లకు పాడుకుని, తిరిగి ఆయనకే ఇచ్చేశారు. ఆ రోజుల్లో అప్పులపాలైనవారు చెప్పాపెట్టకుండా పడమటికి వెళ్లిపోవడం మామూలే. ఈయన మాత్రం అప్పులవాళ్ల కళ్లెదుటే ఉండిపోయారు. నా దృష్టిలో ఆయన రాజకీయ పెట్టుబడి ఇదే.

నిర్వాహకుడు: ఆ బాకీ ఎప్పటికి తీరిందండీ?

చరిత్ర ఆచార్యుడు: ఏళ్లు పట్టింది. అమెరికా పార్లమెంటైన కాంగ్రెస్‌లో సభ్యుడిగా వాషింగ్టన్‌లో ఉన్న కాలంలో కూడా, తన జీతంలోంచి కొంత మిగిల్చి ఈ బాకీ కింద పంపేవారని ఆయన న్యాయవాద భాగస్వామి విలియం హెర్న్‌డన్ చెప్పారు.